ఒకే డిస్కులో రెండు కాపీలు

రండి, దగ్గరికి జరగండి. వెనక వాళ్ళు కబుర్లు కట్టిపెట్టండి. కుర్చీ ఈడ్చే పెద్దాయనా, అది ఎక్కడుందో అక్కడే వదిలెయ్. ఇది చప్పుడు చేస్తే పారిపోయే కథ.

ఫోటో స్టూడియోలో డబుల్ బాబాయ్ అప్పటికే తాళం తీశాడు, తీసిన తాళాన్ని ఇంకోసారి లాగి చూశాడు, షట్టర్ సగం ఎత్తి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఏ పనైనా రెండుసార్లు చేయందే ఆయనకు నిద్ర పట్టదు, అందుకే ఆ పేరు. స్టవ్ ఆర్పి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి చూసి వెళ్తాడు. పెళ్ళిలో పెళ్ళికూతురి పేరు కూడా రెండుసార్లు అడిగాడట. అది మాత్రం నేను కల్పించాను. సన్నటి మనిషి. ఇరవై రెండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చునేసరికి వీపు ఆ కుర్చీ వంపునే తెచ్చుకుంది. బస్ పాసులకు ఫోటోలు తీయడం, మొహాల మీద మచ్చలు చెరపడం ఆయన పని. ఊళ్ళో సగం మొటిమలు ఆయన చేతిలోనే మాయమయ్యాయి గానీ, ఆయన మొహం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అంతలో ఇస్త్రీ షాపు అమ్మాయి షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. లిఫ్ట్ నడిపే వాళ్ళ నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. సాయంత్రం దాకా ఉంటే గొప్పని డాక్టరు చెప్పేశాడు. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళయింది. కెమెరా కనిపిస్తే తలుపు చాటుకు వెళ్ళే మనిషి. జన్మకల్లా ఒక్క ఫోటో దిగింది, ఇక్కడే, బస్ పాస్ కోసం. ఆ పాసు ఎప్పుడో ఎక్కడో పోయింది.

“నాన్న భయపడుతున్నాడు బాబాయ్. అమ్మ మొహం గుర్తు రావట్లేదంట. ఒక్కసారి చూపిస్తే చాలు.”

“రెండు కాపీలు దాచాను తల్లీ. నువ్వెళ్ళు, నేను తెస్తా,” అన్నాడు బాబాయ్ దర్జాగా.

పాత ఫోటోలన్నీ అరచేయంత నల్లటి డిస్కులో ఉంటాయి. దాని వైరు తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చాడు. ముందురోజే స్టూడియో యజమానురాలు కంప్యూటర్‌లో కొత్త సిస్టం ఎక్కించింది. డిస్కు దీపం మిణుకుమంది. లోపల టిక్కుటిక్కుమంది. తెర మీద ఒక ప్రశ్న లేచింది: ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? అంటే, ఉన్నదంతా ఊడ్చేయమంటారా అని. కింద ‘అవును’ అన్న బటన్ నీలంగా మెరుస్తోంది.

పోనీ రెండో కాపీ తీద్దామని చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ప్రతి ఫోటోనూ రెండుసార్లు దాచిన మాట నిజమే. రెండోది ‘కాపీ’ అనే ఫోల్డర్‌లో ఉంది. ఆ ఫోల్డరూ ఇదే డిస్కులో ఉంది.

గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్క షాపులో సీసాలు గలగలమన్నాయి. సగం తగ్గించుకుని వినండి, మిగతా సగం నిజమే. యజమానురాలు వచ్చి తొంగి చూసి, అడుగుతోంది కదా, అవునని నొక్కేయ్ బాబాయ్ అంది. బాబాయ్ మౌస్ మీద నుంచి కుడిచెయ్యి తీసి, తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు. ఎడమచేత్తో బావమరిదికి ఫోన్ చేశాడు. అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు.

“నొక్కావా బావా?”

“లేదు.”

“నిజంగా నొక్కలేదు కదా?”

“నా చెయ్యి నా కిందే ఉందిరా.”

“అయితే బతికావు.”

ముందు వైపు గుచ్చితే డిస్కుకు కరెంటు చాలడం లేదేమో అన్నాడు బావమరిది. అంతా ఆపేసి, పొట్టి వైరుతో వెనక వైపు గుచ్చమన్నాడు. బాబాయ్ బల్ల కిందికి దూరి, దుమ్ములో పాకి, గుచ్చాడు. టిక్కుటిక్కు ఆగింది. ప్రశ్న రాలేదు. డిస్కూ కనిపించలేదు. ప్రాణం పోయిందా దానికి అని బాబాయ్ చెవి ఆనించి విన్నాడు. బావమరిది నవ్వలేదు. ప్రతి డిస్కుకూ కంప్యూటర్ గుర్తుగా ఒక అక్షరం పెట్టుకుంటుందనీ, కొత్త సిస్టం దీని అక్షరాన్ని ఇంకోదానికి ఇచ్చేసిందనీ, ఇంకో అక్షరం ఇవ్వమనీ చెప్పాడు. ఇవ్వాల్సిన చోట, సరిగ్గా రెండు వరసల కింద, మళ్ళీ అదే ఫార్మాట్. బాణం గుర్తు ఆ రెంటి మధ్య వణికింది. ఈ వరసేనా అని రెండుసార్లు కాదు, ఏడుసార్లు అడిగాడు. నొక్కాక కళ్ళు మూసుకున్నాడు. ఆయన తెరిచేలోగానే డిస్కు తెరుచుకుంది.

ఆవిడ ఫోటో వెతికి ప్రింటు తీసేసరికి ఒక పూట గడిచిపోయింది. తడి ఆరని ఫోటోను రెండు అరచేతుల మీద పెట్టుకుని, బస్సులో ఎవరినీ తాకనివ్వకుండా ఆస్పత్రికి చేరాడు. మంచం దగ్గర వంగి ఒక అంచు పట్టుకున్నాడు. ఇంకో అంచు కూతురు పట్టుకుంది.

లిఫ్ట్ ఆయన చాలాసేపు చూశాడు.

“కోపంగా ఉంది,” అన్నాడు. కాసేపటికి, “ఇదే. ఇదే మొహం,” అన్నాడు.

నుదుటి మీద ముడత విడిపోయింది. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. నర్సు వచ్చి, గోడ గడియారం చూసి, రాసుకుంది. కూతురు ఫోటో వదల్లేదు, బాబాయ్ కూడా వదల్లేదు.

వాళ్ళ పక్కింటి రంగుల మేస్త్రీ అప్పటిదాకా మంచం కాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నాడు. ముందుకు వంగి, ఫోటోలో ఆవిడ కళ్ళలోకి తదేకంగా చూశాడు.

“ఇంత సూటిగా చూస్తోంది కదా, ఎవరైనా అడగండమ్మా,” అన్నాడు. “పోయేముందు మా నిచ్చెన అడిగి తీసుకెళ్ళి ఎక్కడ పెట్టిందో.”