మెట్ల ఆల్బమ్ రెండో వైపు

ఆ సెలూన్‌లో గడియారం లేదు. దాని అవసరం ఎప్పుడూ రాలేదు. రెండు అద్దాల మధ్య చెక్క అరలో ఒక పాత క్యాసెట్ డెక్కు ఉంటుంది, అందులో ఒకే ఒక్క క్యాసెట్, దాన్నిండా ర్యాప్ పాటలు. అట్ట మీద ఒకాయన మెట్ల మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఉంటాడు కాబట్టి అందరూ దాన్ని మెట్ల ఆల్బమ్ అంటారు. పత్రికలవాళ్లు క్లాసిక్ అంటారు. సెలూన్ యజమానిని అందరూ పెద్ద కత్తెర అని పిలుస్తారు, ఆయన ఆ మాట తను అనడు. కుర్చీలో కూర్చున్నవాడి చేత అనిపిస్తాడు.

"ఏమంటారు? క్లాసిక్ కదూ?" అని అడుగుతాడు చెవి పక్కన కత్తెర ఆడిస్తూ. చెవి మీద ఆశ ఉన్నవాడెవడైనా కాదంటాడా?

ఆయన పని మొత్తం ఆ పాటల మీదే నడుస్తుంది. మొదటి పాటలో గుడ్డ కప్పి, నీళ్లు చల్లి, దువ్వడం. రెండో పాటకు మెడ చుట్టూ మిషన్. మిగతా పాటల్లో కత్తెర, దరువుకు తగ్గట్టు చక్ చక్ మని. క్యాసెట్ రెండో వైపు తిప్పారంటే గడ్డం దగ్గరికి వచ్చారన్నమాట. అలవాటైన ఖాతాదారులు ఏ పాట నడుస్తోందో విని, "ఇంకెంతసేపులే, మిషన్ దాకా వచ్చాడు" అని పేపరు తిరగేస్తారు.

రెండో వైపు మధ్యలో ఒక పాట ఉంది. అందులో మెట్ల మీది మనిషి పాడేది తక్కువ. ఆయన స్నేహితులు ఓ గుంపు వచ్చి, ఎవడి గొప్ప వాడు, ఎవడి పేరు వాడు అరుచుకుని పోతారు. సరిగ్గా ఆ పాట మొదలయ్యేసరికి పెద్ద కత్తెర కుర్చీలోని మనిషి చెంపలకు నురగ పట్టించి, "గడ్డం కాస్త నానాలి" అని వీధి మూలన ఉన్న టీ కొట్టుకు వెళ్లిపోతాడు. పాట అయ్యాక తిరిగొస్తాడు. ఎన్నేళ్ల నుంచో ఇదే తంతు. ఎవరూ ఏమీ అనలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు.

రెండో కుర్చీ దగ్గర పనిచేసేది ఆయన కూతురు. అందరికీ చిన్న కత్తెర. తండ్రి దగ్గరే పని నేర్చుకుంది, ఆయనంత చెయ్యి ఉంది, ఆయన మొండితనమూ ఉంది. ఆమెకిప్పుడు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. రెండు వీధుల అవతల స్పీకర్లు బాగుచేసే మెకానిక్‌ను ఆమె పెళ్లి చేసుకోవాలనుకుంటోంది. నాన్న ఒప్పుకోకుండా చేసుకోవడం ఆమెకు ఇష్టం లేదు. కుర్రాడు మంచివాడు, పనిమంతుడు, తాగుడూ తిరుగుడూ ఏమీ లేవు. ఉన్న దురలవాటు ఒకటే, పాటల గురించి అబద్ధం చెప్పలేడు.

"చూడు, నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. క్లాసిక్ అను. అంతే. మూడక్షరాలు. నోరు నొప్పెడుతుందా?" అంది ముందురోజు.

"మొదటి వైపు బాగుంటుంది. రెండో వైపు..."

"నిన్నెవరడిగారు వైపులు? నాలిక కోస్తా."

అతను బుద్ధిగా తలూపాడు. ఆ తలూపుడు చూసి ఆమె నమ్మింది చూడండి, అదీ ఆమె అమాయకత్వం.

మర్నాడు కుర్రాడు ఇస్త్రీ చొక్కాతో సెలూన్‌కు వచ్చాడు. డబ్బుల బల్ల దగ్గర కూర్చునే అమ్మ అతన్ని ఎగాదిగా చూసి, బాగానే ఉన్నాడన్నట్టు కూతురి వైపు కనుబొమ్మ ఎగరేసింది. పెద్ద కత్తెర అతని ఉద్యోగం అడగలేదు, ఇల్లు అడగలేదు. అప్పుడే క్యాసెట్ పెట్టబోతున్నవాడల్లా చేతిలో పట్టుకుని ఆగాడు.

"మెట్ల ఆల్బమ్ విన్నావా బాబూ?"

"విన్నానండి అంకుల్. చాలాసార్లు."

"ఏమంటావు?"

కుర్రాడు చిన్న కత్తెర వంక చూశాడు, నేల వంక చూశాడు. మూడక్షరాలూ నోటి దాకా వచ్చి ఎటు పోయాయో.

"మొదటి వైపు గట్టిగానే ఉంటుందండి. కానీ గొంతులో బరువు లేదు. ఎవరో తరుముకొస్తున్నట్టు పాడతాడు, మాట మన చెవిలో దిగేలోపే ఇంకో మాట. రెండో వైపు సగం నింపుడు సరుకే. ఆ స్నేహితుల పాటైతే మరీ చెత్త. మంచి ఆల్బమే, కాదనను. క్లాసిక్ అంటే మాత్రం కాస్త ఎక్కువైందేమో అంకుల్."

పెద్ద కత్తెరకు కోపం వస్తే అరవడు. మర్యాద పెరుగుతుంది. "మంచిదండీ," అన్నాడు. "తమరు ఇక దయచేయండి."

"గొంతులో బరువు లేదట!" అని ఆయన ఆ రోజంతా వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పాడు. "అంత బరువైన గొంతు ఈ భూమ్మీద ఇంకోటి ఉందా? స్పీకర్లు బాగుచేస్తాడట. ముందు వాడి చెవులు బాగుచేయించుకోమను. అలాంటివాడి చేతిలో పిల్లని ఎలా పెడతాను?"

"ఆల్బమ్‌కి పిల్లనిస్తున్నావా, అబ్బాయికిస్తున్నావా?" అంది అమ్మ.

"నీకు తెలీదు, ఊరుకో."

"ఇన్నేళ్లు ఆ గోల విన్నాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసు?"

చిన్న కత్తెర ఆ సాయంత్రం మెకానిక్ కొట్టుకు వెళ్లి చెడామడా తిట్టింది. తిట్లు అయిపోయాక ఒక ఉపాయం చెప్పింది. ఆ డెక్కు ఈ మధ్య కిర్రుమంటోంది, పట్టి పట్టి తిరుగుతోంది. దాన్ని నాన్నకు చెప్పకుండా బాగుచేసి పెడితే ఆయన మనసు కరుగుతుంది. సెలవు రోజున ఇద్దరూ సెలూన్ తలుపు తీసుకుని వెళ్లారు. అతను డెక్కు విప్పి, లోపలి రబ్బరు బెల్టును వేలితో తాకాడో లేదో, అది జిగురై చేతికి అంటుకుని ముక్కలైంది. కొత్త బెల్టు వేశాడు. దుమ్ము తుడిచాడు, నూనె చుక్క వేశాడు. చక్రాలు చప్పుడు లేకుండా తిరిగాయి. క్యాసెట్‌ను తండ్రి రోజూ జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోతాడు కాబట్టి పాట పెట్టి చూసే వీలు లేకపోయింది. కొంప మునిగింది అక్కడే.

మర్నాడు మొదటి బేరం మీసాల మాస్టారు. పిల్లలకు వ్యాయామం నేర్పి రిటైరైన మనిషి, ఆయన మీసం చూసి పిల్లలు వరసలో నిలబడేవారని చెబుతారు. పెద్ద కత్తెర గుడ్డ కప్పి, మీట నొక్కాడు.

పాట మొదలైంది. మొదలవడమేమిటి, పరుగెత్తింది! మెట్ల మీది మనిషి గొంతు సన్నగా, చలాకీగా, బస్సు తప్పిపోతుందన్నంత హడావిడిగా ఉంది. చిన్న కత్తెర చేతిలో దువ్వెన ఆగిపోయింది. అప్పుడర్థమైంది ఆమెకు. ఇన్నేళ్లూ ఆ డెక్కు వదులు బెల్టుతో నెమ్మదిగా తిరుగుతోంది. నాన్న ప్రాణం పెట్టుకున్న ఆ బరువైన గొంతు, ఆ నిదానం, అంతా ఆ బెల్టు పుణ్యమే. ఆయన ఈ ఆల్బమ్‌ను ఇంకెక్కడా వినలేదు. ఫోన్లో వినడం ఆయన దృష్టిలో వినడమే కాదు. ఎవరైనా "మా దగ్గర గొంతు వేరేగా ఉంటుందే" అంటే, "మీది నకిలీ" అని కొట్టిపారేసేవాడు.

పెద్ద కత్తెర మొహం మాడిపోయింది కానీ చేతులు ఆగలేదు. ఆగడం వాటికి తెలీదు. దరువు ఎటు లాగితే అటు పోయాయి. నీళ్లు చల్లడం పూర్తికాకముందే మిషన్ పాట వచ్చేసింది. గడ్డం సరిగ్గా నానకముందే ఆయన టీ కొట్టు నుంచి పరుగున తిరిగి రావాల్సి వచ్చింది, గొంతు కాలి దగ్గుతూ. చివరి పాటలో దరువు ఒక్క క్షణం ఠక్కున ఆగే చోటుంది. ఆ నిశ్శబ్దంలో మీసం చివర ఒక్క చిటిక కత్తిరించడం ఆయన ప్రత్యేకత. మీసాన్ని ఇంకా దువ్వుతూనే ఉన్నాడు, దరువు ఆగింది. చక్.

మాస్టారి కుడి మీసం ఒళ్లో పడింది.

మాస్టారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, వెలుతురులో చూసుకుని, "ఇది నాదేనా?" అన్నాడు.

బల్ల దగ్గర అమ్మ పమిట చెంగు నోట్లో కుక్కుకుని లోపలి గదిలోకి పారిపోయింది. మాస్టారు రెండో మీసమూ తీయించుకుని, తల వంచుకుని ఇంటికి వెళ్లిపోయాడు. పెద్ద కత్తెర క్యాసెట్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

తప్పు తమదేనని చిన్న కత్తెర వెంటనే చెప్పేసింది. బెల్టు సంగతి, వేగం సంగతి, పాత బెల్టు జిగురైపోయిన సంగతి, అన్నీ. ఆయన అరవలేదు, మర్యాదగా కూడా మాట్లాడలేదు. ఆమెకు భయమేసింది.

తర్వాత కొన్నాళ్లు సెలూన్‌లో పాట లేదు. పెద్ద కత్తెర చేతులు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియక తడబడేవి. ఒకరికి జుట్టు కత్తిరించి, పూర్తయిందో లేదో తేల్చుకోలేక, కూతుర్ని పిలిచి చూడమన్నాడు. ఆ బెల్టు మార్పించినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

"నువ్వు చెప్పు తల్లీ," అన్నాడు ఆ మధ్యాహ్నం ఖాళీ కుర్చీలో కూలబడి. "ఊరంతా క్లాసిక్ అంది ఆ పరుగుల గొంతునా? నాకూ అది క్లాసిక్కే, వాళ్లంతా నావైపే ఉన్నారనుకున్నాను. మరి నేను విన్నది ఇంకెవరూ వినలేదా? ఇన్నేళ్లు నేనొక్కణ్ణే కూర్చుని తలూపానా?"

సాయంత్రం ఆమె మెకానిక్ దగ్గరికి వెళ్లి ఆ మాటలే చెప్పింది. అతను చాలాసేపు స్క్రూడ్రైవరు తిప్పుతూ కూర్చున్నాడు. "మోటారు వెనక వేగం మార్చే స్క్రూ ఒకటుంటుంది. నెమ్మది చేయొచ్చు. కానీ ఎంత నెమ్మదో నాకెలా తెలుస్తుంది? అది మీ నాన్న చేతులకే తెలియాలి," అన్నాడు.

మర్నాడు అతను సెలూన్‌లోకి అడుగుపెట్టగానే పెద్ద కత్తెర, "మళ్లీ దయచేశారా?" అన్నాడు.

"జుట్టు కత్తిరించుకోవడానికొచ్చాను అంకుల్," అని అతను నేరుగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు చిన్న కత్తెరకు ఇచ్చాడు. "మీరు మీ పద్ధతిలో కత్తిరించండి. పాట ముందుకు పోతే పోయిందనండి, వెనకబడితే వెనకబడిందనండి. అమ్మాయి స్క్రూ తిప్పుతుంది."

"నీ తల ఏమైపోతుందో తెలుసా?"

"మాస్టారిని చూశానండి."

పెద్ద కత్తెర అటూ ఇటూ చూశాడు. బల్ల దగ్గర్నుంచి అమ్మ, "కానివ్వవయ్యా, జుట్టేగా, మొలుస్తుంది," అంది. ఆయన జేబులోంచి క్యాసెట్ తీశాడు.

ఆ తర్వాత జరిగిందాన్ని కటింగ్ అనలేం. "ముందుకు పోతోంది!" అంటాడు తండ్రి, కూతురు స్క్రూ తిప్పుతుంది, గొంతు గాడిదలా దీర్ఘం తీస్తుంది. "వెనకబడింది, వెనకబడింది!" మళ్లీ తిప్పుతుంది. కుర్రాడి తల ఒక పక్క పొలం కోసినట్టు, ఇంకో పక్క కోయనట్టు తయారైంది. క్యాసెట్ మొదటికి తిప్పారు, మళ్లీ పెట్టారు. ఆమె వేళ్లు చెమట పట్టి జారుతున్నాయి. ఒక వెంట్రుకవాసి తిప్పింది.

చక్ చక్ చక్. కత్తెర చప్పుడూ దరువూ కలిసిపోయాయి. గొంతు లోపల్నుంచి, బరువుగా, ఒక్కొక్క మాటా చెవిలో పెట్టి చెబుతున్నట్టు వచ్చింది. పెద్ద కత్తెర చేతులు ఇంటికి చేరాయి. కూతురు స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది.

ఒక పాట నడిచింది, ఇంకొకటి నడిచింది. కుర్రాడు కళ్లు మూసుకుని వింటున్నాడు.

"అంకుల్," అన్నాడు చివరికి, "ఇది నేను విన్న ఆల్బమ్ కాదు. వీడి గొంతులో ఇంత దిగులుందని నాకు తెలీనే తెలీదు. చూడండి, చేతుల మీద వెంట్రుకలు ఎలా లేచాయో. ఇది క్లాసిక్కే."

కత్తెర ఆగింది. "చెవి దగ్గర కత్తెరుందని భయపడి అంటున్నావా?"

"భయపడితే రెండో వైపు కూడా బాగుందనేవాణ్ణి."

అమ్మ చిల్లర సర్దడం ఆపింది. చిన్న కత్తెర కళ్లు గట్టిగా మూసుకుంది. వీడు మారడు, ఈ జన్మకు మారడు! పెద్ద కత్తెర అద్దంలో అతని కళ్లలోకి కాసేపు చూసి, క్యాసెట్ తీసి రెండో వైపు తిప్పి పెట్టాడు. బ్రష్షుతో నురగ లేపి అతని రెండు చెంపలకూ నిండుగా పట్టించాడు. పాట అయిపోయింది. తర్వాతి పాట మొదలైంది. స్నేహితుల గుంపు దిగింది, ఒకడి తర్వాత ఒకడు తన పేరు తనే అరుచుకుంటూ.

పెద్ద కత్తెర బ్రష్షు పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"లే, పద. టీ తాగొద్దాం."

"గడ్డమండీ?" అన్నాడు కుర్రాడు నురగలోంచి.

"నానుతుందిలే. ఈ పాట విని బతికి బట్టకట్టినవాడెవడు? ఈ మాట బయట అన్నావో, ఊరుకోను అల్లుడూ."

కుర్రాడు మెడకు గుడ్డతో, చెంపల నిండా నురగతో, సగం కోసిన తలతో ఆయన వెనకాలే వీధిలోకి నడిచాడు. ఎదురొచ్చినవాళ్లు ఆగి చూశారు. ఇద్దరూ పట్టించుకోలేదు, అప్పటికే మూడో పాట గురించి వాదులాడుకుంటున్నారు.

"ఏమన్నారే మీ నాన్న? అల్లుడనేనా?" అంది అమ్మ, బల్ల మీదుగా వంగి.

చిన్న కత్తెర తలూపింది. కళ్లు తుడుచుకుని డెక్కు దగ్గరికి వెళ్లింది. స్నేహితులు అరుస్తూనే ఉన్నారు. నిజంగానే చెత్త పాట, నెమ్మదిగా తిప్పినా చెత్తే. అది అయిపోవస్తుంటే వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి పెట్టింది, వాళ్లిద్దరూ నిదానంగా టీ తాగనీ అని.