రంపం బల్లకు కొత్త అమరికలు

నాన్న కుడిచేతి మూడు వేళ్లు రోజూ ఎనిమిదింటికి షెడ్డుకు పనికి వస్తాయి. మిగిలిన నాన్న ఇంట్లో ఉంటాడు. వేళ్లు రంపం బల్ల ఎక్కి టేకు చెక్కను అదిమి పట్టుకుంటాయి. నేను మిషను నడుపుతాను.

బల్ల మధ్యలో తిరిగే బ్లేడు మీద, వేళ్లు తగలకుండా, ఒకప్పుడు ఇనుప గార్డు ఉండేది. పోయిన దసరాకు, ఆయుధపూజలో బ్లేడుకు పెట్టిన బొట్టు అందరికీ కనబడాలని, షెడ్డు యజమాని వీరభద్రాచారి దాన్ని విప్పాడు. పూజ అయ్యాక బిగించలేదు. అది లేకుంటే పని జోరుగా సాగుతుందన్నాడు. మర్నాడే వేళ్లు తెగాయి. మా నాన్న అప్పలస్వామి పరధ్యానంగా ఉన్నాడని వీరభద్రాచారి ఊరంతా చెప్పాడు. ఊరు నమ్మింది. ఈమధ్య నాన్న కూడా నమ్ముతున్నాడు.

ఈ ఉదయం పార్శిల్లో మిషనుకు కొత్త అమరికలు వచ్చాయి. వేరే కంపెనీవైనా పాత బల్లకు సరిపోతాయని కాగితం మీద ఉంది. మొదట గార్డు బిగిస్తాను. తర్వాత కొలత పట్టీ. చెక్కను ఎంత వెడల్పున కోయాలో అది చూపిస్తుంది. దాని మీద అంగుళాలతో పాటు వీరభద్రాచారి మడమ, మోకాలు, బొడ్డు, గడ్డం గుర్తులున్నాయి.

పట్టీని పావంగుళం జరిపి కోస్తాను. చెక్క చెక్కలాగే ఉంటుంది. ఆయన పావంగుళం తగ్గుతాడు.

మధ్యాహ్నానికి పంచె నేల మీద ఈడ్చుకుంటూ వస్తాడు.

"ఏటే గుంటా, నా మిషనుకేటి సేసినావు?"

"కొత్త పట్టీ ఎట్టినానండి. కొలత బాగా తెగతంది."

"నా పంచి పొడుగైపోతంది."

"పంచి కాదండి. తమరే."

"ఆపు మరి!"

"గార్డు ఎవులు విప్పినారో సెప్పండి. ఆపీసి ఎల్లిపోతాను."

"మీ అయ్యకి పని మీద సూపు నేదు. నా తప్పేటుంది?"

వేళ్లు చెక్కను ముందుకు తోస్తాయి.

ఆయన నా నడుం దాకా వచ్చాక మళ్లీ అడుగుతాను. మోకాలి దాకా వచ్చాక మళ్లీ అడుగుతాను. పంచెలాగే ఆయన కళ్లద్దాలూ తగ్గవు. వాటిని గడపమానులాగా భుజాన మోస్తూ నిలబడతాడు.

"నీకు జాలి నేదేటే?"

"ఉందండి. అందుకే పావంగుళం సొప్పున."

"నానే విప్పినాను," అంటాడు చివరికి, బల్ల కింద నుంచి.

"నాకు ఇనబడింది. మా అయ్యకి ఇనబడనేదు."

మిషను ఆపి ఇంటికి వస్తాను. వీరభద్రాచారి ఇన్నేళ్లూ అమ్మిన తలుపులన్నీ గుమ్మాలు వదిలి, మా వాకిట్లో వరస కట్టి ఉన్నాయి. నాన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. మొదటి తలుపు గొళ్లెం తీస్తాను. లోపల వీరభద్రాచారి నిండు మనిషిగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గార్డు నానే విప్పినాను, అప్పలసామీ. నువ్వు పని సూస్తనే ఉన్నావు."

నాన్న అరుగు అంచుకు జరుగుతాడు.

"ఇంకోపాలి ఇంటావా అయ్యా?"

తల ఊపుతాడు. ఆ తలుపు వేసి రెండోది తీస్తాను. అందులోనూ ఆయనే, అదే మాట. మూడోదాంట్లో గొంతు బొంగురుపోయింది. నాన్న వీపు నిటారుగా చేసుకుని కూర్చుంటాడు.

వరస చివర నాకు కనబడదు. భీమిలి నుంచి వచ్చిన చేపలామె గంప దించి చెబుతుంది. తలుపులు ఊరు దాటి, తోటలు దాటి, సముద్రంలోకి వెళ్లాయట. అలలు వచ్చినప్పుడల్లా వెనకనున్న తలుపుల్ని ఎవరో లోపలి నుంచి కొడుతున్నారట, తమ వంతు ఎప్పుడని.