నాలుగు వైపులా కుట్టు

నాకు ముక్కు మీద కోపం. నా కొట్టుకొచ్చే వాళ్లందరూ అనే మాటే ఇది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్లకి కోట్లు వదులు చేయడం నా పని. ఇరవై ఏళ్లుగా అదే. "ఇక్కడ కొంచెం..." అని ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే చాలు, "కుట్టేది మీరా, నేనా?" అనేస్తాను. మొహం మాడ్చుకుని వెళ్తారు, మళ్లీ నా దగ్గరికే వస్తారు. నా కుట్టు అలాంటిది.

ఆ కుట్టే మొన్న నా చెల్లెలి ప్రాణం మీదికి తెచ్చింది.

శనివారం పొద్దున బేకరీ ఆయన వ్యాన్‌లో నలుగురం బయల్దేరాం. ఆయన, లెక్కల మాస్టారు, నేను, నా చెల్లెలు. మూడేళ్లుగా రోజూ తెల్లారకముందే కలిసి పరిగెత్తే బ్యాచ్ మాది. నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్లో ఆదివారం మారథాన్, నలభై రెండు కిలోమీటర్లు. వ్యానంతా రొట్టెల వాసన, దాంతో పోటీ పడుతూ మా బూట్ల వాసన.

"షాపులో కొత్త మేనేజరు ఎలా ఉన్నాడే?" అనడిగాను చెల్లెల్ని.

"బాగానే ఉన్నాడు," అని కిటికీలోంచి బయటికి చూసింది.

అది కళ్లద్దాల షాపులో చేరి ఆరేళ్లు. నాకంటే ఏడేళ్లు చిన్న. దానికో చిక్కుంది. వాంతులు ఆగడానికి చేసే ఒక ఇంజెక్షన్ దానికి పడదు. రెండేళ్ల కిందట తెలీక చేశారు. పది నిమిషాల్లో మొహం ఉబ్బిపోయి, గొంతు మూసుకుపోయి, మూడు రోజులు ఆస్పత్రిలో గొట్టాలతో పడుంది. ఆ గది బయట నేను కూర్చున్న మూడు రోజులు పగవాళ్లకి కూడా వద్దు. మళ్లీ ఆ మందు ఒంట్లోకి పోతే బతకడం కష్టమని పెద్ద డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పట్నించి మందు పేరు చెక్కిన స్టీలు బిళ్ల ఒకటి చేతికి కట్టుకుని తిరుగుతోంది. అడిగితే అదే చెప్పుకుంటుంది కదా అంటారేమో. బాగా అలిసిపోతే దానికి సోయి ఉండదు. పోయినేడు ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కూలబడి, పేరేంటమ్మా అంటే షాపు ఫోన్ నంబరు చెప్పింది.

సాయంత్రం వెళ్లి మా నంబర్లు తెచ్చుకున్నాం. ఛాతీ మీద పెట్టుకునే కాగితం అది. ముందు వైపు పెద్ద అంకెలు, వెనక రక్తం గ్రూపు, పడని మందులు, ఇంట్లోవాళ్ల ఫోను రాసుకోవడానికి గళ్లు. చెల్లెలు అక్కడే నిలబడి మందు పేరు కొట్టొచ్చినట్టు కనపడేలా రాసింది. మాస్టారు ఊరుకోడు కదా, నలుగురి నంబర్లూ తీసుకుని అంకెలు కూడాడు. "నీది నాలుగు వేల నూట డెబ్బై మూడు. కూడితే పదిహేను. మీ అక్కది కూడితే ముప్పై. కోపంలో కూడా నీకు రెట్టింపే," అన్నాడు. నేను తప్ప అందరూ నవ్వారు.

ఆరింటికే హోటల్లో భోజనానికి కూర్చున్నాం. పరుగు ముందు రోజు తొందరగా తినాలి, చప్పగా తినాలి. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో! మహాతల్లి మీగడ సాసులో ఈదుతున్న పాస్తా చెప్పింది. అది ఊడ్చేసి, బేకరీ ఆయన ప్లేట్లో సగం లాక్కుంది.

"రేపు దారి పొడుగునా కక్కుతావా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, చుట్టుపక్కల టేబుళ్లవాళ్లు ఫోర్కులు ఆపి చూశారు.

"తిననివ్వమ్మా, పాపం," అన్నాడు బేకరీ ఆయన.

"మీరు రొట్టెల సంగతి చూసుకోండి!" అన్నాను. చెల్లెలు తల వంచుకుని తింది.

గదికొచ్చాక నలుగురి చొక్కాలూ నా మంచం మీద వేసుకున్నాను. నంబరు తగిలించుకోవడానికి మనిషికి నాలుగు పిన్నులిస్తారు. పిన్నులంటేనే నాకు ఒళ్లు మంట. మంచి బట్టకి చిల్లులు, పరిగెత్తుతుంటే కాగితం లేచి డొక్కకి కొట్టుకోవడం. నా సూదీ దారం నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. నాలుగు చొక్కాలకీ నంబర్లు కుట్టేశాను. నాలుగు వైపులా, సన్న కుట్టు, ఎక్కడా ముడత లేకుండా. గోరు కూడా దూరదు. చెల్లెలి ఎర్ర చొక్కా ఆఖర్న కుట్టాను.

"అక్కా, కింద వైపు వదిలేయొచ్చేమో..." అంది అది.

"కుట్టేది నువ్వా, నేనా?"

దాని మణికట్టు చూశాను. స్టీలు బిళ్ల ఒరుసుకుని పోయిన వారమే చర్మం లేచిపోయింది, ఇంకా పచ్చిగానే ఉంది. "రేపు అది తీసేయ్. నలభై రెండు కిలోమీటర్లు ఒరిస్తే చెయ్యి మిగలదు. నంబరు వెనక రాశావుగా, చాలు," అన్నాను.

"అదే అక్కా, నంబరు వెనక..."

"తీసేయమన్నానా?"

తీసి టేబుల్ మీద పెట్టింది. నేను చెత్తబుట్టలో పడేసిన పిన్నులు అది ఏరుకుంటుంటే, ఎందుకే ఆ చెత్త అని దానికి కూడా ఓ చీవాటు పెట్టాను.

ఆదివారం ఆరింటికి పరుగు మొదలైంది. నది పక్కనే రోడ్డు. ఇరవై ఒక్క కిలోమీటర్లు పోయి, అక్కడ తిరిగి, అదే రోడ్డు మీద అవతలి వైపు నించి వెనక్కి రావాలి. బేకరీ ఆయన మొదట్లోనే మాయమయ్యాడు. మాస్టారూ నేనూ పక్కపక్కన. చెల్లెలు ఎప్పుడూ మాకంటే ఓ ఇరవై నిమిషాలు వెనక. మేం తిరిగొస్తుంటే అది ఎదురొస్తుంది, ఇద్దరం చేతులు చరుచుకుంటాం. మూడేళ్లుగా అదే అలవాటు.

తిరిగాం. ఇరవై రెండో కిలోమీటరు రాయి దాటాం. ఎదురుగా పసుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ. ఎర్ర చొక్కా కనపడితే ఒట్టు.

"నెమ్మదిగా వస్తున్నట్టుంది," అన్నాడు మాస్టారు.

ఇరవై మూడు. ఎదురొచ్చేవాళ్లు పలచబడ్డారు, నడుస్తున్నారు కొందరు. ఎర్ర చొక్కాతో ఒకామె కనపడగానే చెయ్యెత్తాను. దగ్గరికొచ్చాక చూస్తే ఎవరో ముసలావిడ. పాపం, నా చేతిని చరిచి మరీ వెళ్లింది. పాస్తా గుర్తొచ్చింది. ఎక్కడో కక్కుతూ కూర్చునుంటుంది, దొరకనీ దీని సంగతి చెప్తానని పళ్లు కొరుక్కున్నాను. అప్పటికింకా నాకు కోపమే.

ఇరవై నాలుగు దగ్గర మా ముందు పరిగెత్తే అబ్బాయి ఒకడు పిక్క పట్టేసి దభీమని పడ్డాడు. పక్కనున్న వాలంటీరు ఉరికొచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని ఆ అబ్బాయిని ఒక్క మాట అడగలేదు. ముందు నంబరు కాగితం కింది అంచు పట్టుకుని పైకి తిప్పాడు. వెనక రాసింది చదివాడు. ఆ తర్వాతే ఒంటి మీద చెయ్యేశాడు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నా ఛాతీ మీద నంబరు పట్టుకుని లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. చొక్కా లేచింది కానీ కాగితం లేవలేదు. ఎలా లేస్తుంది? కుట్టింది నేను కదా.

"మాస్టారూ, దాని నంబరు తిరగదు," అన్నాను. "వెనక రాసింది ఎవరికీ కనపడదు. బిళ్ల కూడా నేనే తీయించాను. అది వాంతులు చేసుకుంటుంటే ఆ ఇంజెక్షనే చేస్తారు."

ఆయన మొహం పాలిపోయింది. వాలంటీరు దగ్గర వాకీటాకీ ఉంది. "ఎర్ర చొక్కా, ఆడమనిషి," అన్నాను.

"నంబరెంతమ్మా?" అన్నాడు.

నాకు తెలీదు! నా చేత్తో కుట్టాను, అరగంట దాన్నే చూస్తూ కుట్టాను. అంచులు చూశాను, కుట్టు చూశాను, అంకెలు చూడలేదు.

"నాలుగు వేల నూట డెబ్బై మూడు," అన్నాడు మాస్టారు టక్కున. నిన్న నాకు ఒళ్లు మండించిన ఆ కూడికలకి ఇవాళ ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది.

వాకీటాకీలో గరగర. పదహారో కిలోమీటరు టెంటులో ఎర్ర చొక్కా ఆమె ఉంది, సోయి లేదు, వాంతులు. చేర్చి అరగంట అయింది. "ఆమెకి వాంతుల ఇంజెక్షన్ ఇవ్వకండి!" అని వాలంటీరు అరుస్తుంటే అవతల్నించి "వినపడట్లేదు, మళ్లీ..." అని ఆగిపోయింది. మళ్లీ గరగర.

వెళ్లేదారిలో పదహారు అంటే తిరిగొచ్చేదారిలో ఇరవై ఆరు. ఇంకా రెండు కిలోమీటర్లు. మాస్టార్ని అక్కడే ఉండి చెప్తూనే ఉండమని నేను పరిగెత్తాను.

పది నిమిషాలు చాలని ఆస్పత్రిలో చూశాను. అరగంట అయింది. అంటే జరగాల్సింది ఏదైనా జరిగిపోయే ఉంటుంది. ఈ లెక్క ఎంత వద్దనుకున్నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎవర్ని తోసుకుంటూ పోయానో, ఎవరు తిట్టారో గుర్తులేదు. ఏడుస్తూ పరిగెత్తితే ఊపిరి అందదని ఏడుపు కూడా ఆపుకున్నాను. దేవుడా, మీగడ పాస్తా రోజూ తిననీ, నా ముందు కూర్చుని గిన్నెడు తిననీ, ఒక్క మాటంటే నా నోరు పడిపోనీ అనుకున్నాను.

టెంటులో నాలుగు మంచాలు. మూడో దాని మీద ఎర్ర చొక్కా. చేతికి సూది, పైన వేలాడుతున్న సీసా.

"ఏం ఎక్కించారు దానికి?" అని అరిచాను.

నర్సు ఉలిక్కిపడింది. "సెలైనమ్మా. ఉప్పు నీళ్లు."

"వాంతుల ఇంజెక్షన్?"

"సిరంజిలోకి తీశాం కూడా. నంబరు తిప్పి చూస్తే పడదని రాసుంది. పక్కన పడేశాం."

నాకు అర్థం కాలేదు. "నంబరు తిరగదే? నేను కుట్టాను," అన్నాను వెర్రిదానిలా.

వంగి చూశాను. పైనా, పక్కలా నా కుట్టు అలాగే ఉంది. కింద వైపు మాత్రం దారం లేదు. అక్కడ రెండు పిన్నులు. ఒకటి వంకరగా పెట్టుంది, బట్టకి చిల్లు పడింది.

మంచం అంచు పట్టుకున్నాను. చెల్లెలు కళ్లు తెరిచింది. మొహం తెల్లగా ఉంది, పెదాలు ఎండిపోయాయి, కానీ ఉబ్బలేదు. నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టగానే దాని చెయ్యి గబుక్కున నంబరు మీదికెళ్లి ఆ పిన్నుల్ని కప్పేసింది.

ఆ చెయ్యి చూశాక నాకు ఏడుపు ఆగలేదు. చావు దగ్గరిదాకా పోయొచ్చి కూడా అది భయపడుతున్నది నాకు.

"ఎప్పుడు విప్పావే?"

"పొద్దున. నువ్వు స్నానానికెళ్లినప్పుడు. గోళ్ల కత్తెరతో," అంది. మాట ముద్దగా వస్తోంది. "కుట్టు పాడు చేశాను. తిట్టకక్కా."

"నాతో చెప్పొచ్చు కదా?"

"రెండుసార్లు చెప్పబోయాను."

నిజమే. రెండుసార్లూ నాకు గుర్తున్నాయి. దాని చెయ్యి తీసి నా చేతుల్లో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడే బయట వాకీటాకీ పలికింది, మాస్టారి గొంతు, నాలుగు వేల నూట డెబ్బై మూడు, నాలుగు వేల నూట డెబ్బై మూడు అని. నర్సు వెళ్లి "విన్నాం సార్, బాగానే ఉంది," అని చెప్పింది.

"ఇంకేం దాచావు నా దగ్గర?" అనడిగాను.

అది నా మొహంలోకి చూసింది, కనుబొమలు చూసింది, నోరు చూసింది. నా కొట్టుకొచ్చేవాళ్లు గుమ్మంలో నిలబడి, ఇవాళ ఈవిడ మూడ్ ఎలా ఉందోనని చూస్తారే, అచ్చం అలాగే.

"కూర్చో అక్కా," అంది. "షాపులోంచి నన్ను తీసేసి నాలుగు నెలలైంది."

నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. స్టూలు లాక్కుని దాని పక్కన కూర్చున్నాను.

"చెప్పు," అన్నాను.