అమ్మవారి ముందు తెల్లకాగితాలు

కోల్‌కతాలోని ఆ పరిశోధక విద్యార్థినుల హాస్టల్లో కాజరి, మితాలి, బర్ణాలి నాలుగేళ్లుగా పక్కపక్క గదుల్లోనే ఉంటున్నారు. కానీ ఎవరి పరిశోధన ఎంతవరకు వచ్చిందో ఒకరికొకరు చెప్పుకునేవారు కాదు. సరస్వతీ పూజనాడు మాత్రం రాసినదంతా అమ్మవారి పాదాల దగ్గర పెట్టాల్సిందే. ఏడాదిగా ఒక్క ముక్కా రాయని కాజరి గుట్టు బయటపడుతుందని భయపడి, పైన పేరున్న పేజీ ఒకటి వేసి, కింద దొంతరగా తెల్లకాగితాలు పెట్టింది.

అమ్మవారి ముందు వేసిన తడిముగ్గు త్వరగా ఆరాలని, మిగతా ఇద్దరూ ‘దిదీ’, అంటే అక్కా, అని పిలిచే బర్ణాలి ఫ్యాను వేసింది. అంతే, కట్టలన్నీ గాల్లోకి లేచాయి.

“అయ్యో దిదీ, నా చేపలు ఎగిరిపోతున్నాయి!” అని చేపల రోగాల మీద పరిశోధించే మితాలి అరిచింది.

ముగ్గురూ నేలమీద కూర్చుని కాగితాలు ఏరారు.

“ఈ తెల్లవి ఎవరివే? ఇన్నున్నాయి!” అంది బర్ణాలి.

కాజరి చూసింది. తన కట్టకు మూడింతలున్నాయి!

“కొన్ని నావి దిదీ,” అంది ధైర్యం చేసి.

“కొన్ని నావి కూడా. చేపలు పై పది పేజీల్లోనే ఉన్నాయి,” అని మితాలి గొణిగింది.

బర్ణాలి గొంతు సవరించుకుంది. “సరేలే, మిగతావి నావి. సరస్వతీ పూజనాడు కలం ముట్టకూడదు కాబట్టి ఇవాళ ఎలాగూ రాయకూడదు. రేపట్నుంచి ముగ్గురం ఇక్కడే కూర్చుని రాద్దాం.”

ఆ ఫ్యాను అమ్మవారే వేయించిందేమో, కాజరికి ఇప్పటికీ తేలలేదు. మర్నాడు ఆమె రాసిన మొదటి పేజీ ఎగిరిపోకుండా, మితాలి దానిమీద ప్రసాదం కిచిడీ గిన్నె పెట్టింది.