గాజు గదిలో కత్తెరమ్మ

మొదట నేరం పిల్లి మీద పడింది.

ఆ వీధిలో ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే షాపు నడుపుతున్న ఆవిడని అందరూ కత్తెరమ్మ అనేవారు. చేతిలో కత్తెర ఎంత పదునో నోట్లో మాటా అంత పదును. అలాంటి మనిషికి చలికాలం మొదలైనప్పటి నుంచి మాట మధ్యలో ఊపిరి అందకుండా పోతోంది. షాపు మూసి ఇంటికొచ్చి, చెప్పులు విప్పి సోఫాలో కూలబడిందంటే చాలు, ఛాతీలో ఈల మొదలయ్యేది. సరిగ్గా అప్పుడే పిల్లి వచ్చి ఒళ్ళో ఎక్కేది. స్కూల్లో లెక్కలు చెప్పే మొగుడు ఈ రెంటినీ కలిపేశాడు.

"పిల్లి ఎక్కింది, దగ్గు వచ్చింది. ఇంకేం రుజువు కావాలి?" అన్నాడు.

"రోజూ నా నెత్తినెక్కి కూర్చునేది మీరు. మరి మిమ్మల్నెక్కడికి పంపను?" అంది కత్తెరమ్మ, దగ్గుకీ దగ్గుకీ మధ్య.

ఆయన వినలేదు. పిల్లిని బుట్టలో పెట్టి తీసుకెళ్ళి వాళ్ళమ్మగారింట్లో దింపి వచ్చాడు. సోఫా గలీబులు ఉతికించాడు, తివాచీ దులిపించాడు. దగ్గు మాత్రం ఇల్లు వదల్లేదు.

కత్తెరమ్మకి ఒక ఆడపడుచు ఉంది. ఊళ్ళో పెద్దాసుపత్రిలో, చేసే పని వల్ల జనానికి వచ్చే ఉబ్బసం మీద పరిశోధన చేస్తుంది. ఒక సాయంత్రం భోజనానికి వచ్చి, వదిన గ్లాసు అందుకోవడానికి లేచి ఆయాసపడటం చూసింది.

"వదినా, మొన్న పెళ్ళికెళ్ళి వారం ఉన్నాం కదా. పిన్నిగారింట్లో ఎన్ని పిల్లులుండేవి?"

"లెక్కెక్కడిది? అడుగు తీసి అడుగేస్తే కాలికింద తోకే."

"మరి అక్కడ దగ్గావా?"

కత్తెరమ్మ ఆలోచించింది. "దగ్గడానికి తీరికేది? పెళ్ళికూతురి జడ నేనే కదా వేసింది."

"జడ వేశావు. రంగు తీసే పౌడర్ కలిపావా?"

జుట్టులో నలుపు పోగొట్టి బంగారు రంగు తెప్పించే తెల్ల పౌడర్ సంగతి అడుగుతోంది. ఆ వారమంతా కత్తెరమ్మ దాని డబ్బా మూత కూడా చూడలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఆవిడకి మనసు రాలేదు.

"పెళ్ళి కాకముందు నుంచీ ఆ పౌడర్ కలుపుతున్నా. పడకపోతే మొదటి రోజే పడకూడదు. ఇన్నేళ్ళ తర్వాత కొత్తగా ఏమొచ్చింది?"

"అలా కాదు వదినా. ఒంటికి సొంత కాపలా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఏమీ అనదు. ఉన్నట్టుండి ఒకనాడు ఆ పౌడర్‌ని పగవాడని ముద్ర వేసేస్తుంది. ఇక అక్కణ్ణుంచి చిటికెడు గాల్లో తేలినా చాలు."

"అచ్చం మీ అన్నయ్యలాగే అన్నమాట. పదేళ్ళు ఏం వండినా తిన్నారు. ఒకరోజు ఉప్పెక్కువైందన్నారు, అప్పట్నుంచి రోజూ ఎక్కువే."

అన్నయ్య తలెత్తకుండా తిన్నాడు. ఆడపడుచు నవ్వింది కానీ పట్టు వదల్లేదు. "మాటలతో తేలేది కాదు. మా దగ్గర ఒక గది ఉంది. నీ పరీక్ష నేను చేయకూడదు, సొంత మనిషివి కాబట్టి. మా పెద్ద డాక్టరు చేస్తారు. నేను బయట కూర్చుంటాను."

"రమ్మను మీ గదిని. నా పౌడర్ ఎలాంటిదో చూపిస్తా," అంది కత్తెరమ్మ.

గది రావడం కుదరదు కాబట్టి ఆవిడే వెళ్ళింది. చుట్టూ గాజు గోడలు. లోపల ఒక స్టీలు బల్ల, దాని మీద రెండు పళ్ళేలు. గాలిని బయటికి లాగేసే లావు గొట్టం పైకప్పులో. పెద్ద డాక్టరు మెల్లగా మాట్లాడే మనిషి.

"ఈ పళ్ళెంలోది ఆ పళ్ళెంలోకి, ఆ పళ్ళెంలోది ఈ పళ్ళెంలోకి ఒంపుతూ ఉండాలి. ఒకరోజు ఎవరినీ ఏమీ చేయని ఉత్తి పాలచక్కెర పొడి ఉంటుంది. ఇంకోరోజు అందులోనే మీ పౌడర్ చిటికెడు కలుస్తుంది. ఏ రోజు ఏదో మీకు చెప్పం."

"చెప్పకపోయినా ఫర్వాలేదండీ. రెండు రోజులూ నాకేం కాదు."

మొదటి రోజు నిజంగానే ఏమీ కాలేదు. దుమ్ము లేచేలా ఒంపింది. గాజుకి అవతల కూర్చున్న ఆడపడుచుకి చేతులతో అభినయించి చూపించింది. ఊపిరి బలం కొలిచే చిన్న గొట్టం తెచ్చి నర్సు ఊదమన్న ప్రతిసారీ అది బద్దలయ్యేలా ఊదింది. సాయంత్రం మొగుడికి ఫోన్ చేసి, "నా పౌడర్ నిర్దోషి!" అని ప్రకటించింది.

"అంటే పిల్లేనన్నమాట!" అన్నాడాయన సంబరంగా.

"రెండూ కాదు. మీ మేజోళ్ళు," అని ఫోన్ పెట్టేసింది.

రెండో రోజు కూడా అదే గది, అవే పళ్ళేలు. మధ్యాహ్నానికి ఏమీ కాకపోయేసరికి సంచీ సర్దుకుంది. పెద్ద డాక్టరు ఆపాడు. "సాయంత్రం దాకా ఉండండి. కొన్ని ఊపిరితిత్తులు తీరిగ్గా జవాబిస్తాయి."

ఊరికే కూర్చోవడం కత్తెరమ్మ జాతకంలో లేదు. వార్డులో నర్సు నుదుటి మీద పడుతున్న జుట్టు ఆవిడ కంట్లో నలుసులా గుచ్చుకుంటోంది. సంచీలోంచి కత్తెర తీసి, నర్సుని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి తువ్వాలు చుట్టింది. కుడి పక్క అయ్యింది. ఎడమ పక్కకి వచ్చేసరికి ఎవరో ఛాతీ చుట్టూ పగ్గం వేసి బిగించినట్టయింది. కత్తెర గాల్లో ఆగిపోయింది. మాట రాలేదు. లోపలికి పోయిన గాలి బయటికి రాలేదు.

నర్సు తువ్వాలుతోనే లేచి గొట్టం నోటికి అందించింది. కత్తెరమ్మ ఊదితే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ముఖానికి మందు ఆవిరి వచ్చే మాస్కు తగిలించారు. ఆడపడుచు పరుగున వచ్చి వీపు నిమురుతూ పక్కనే కూర్చుంది. కాసేపటికి పగ్గం వదులైంది.

"ఎడమ పక్క కొంచెం ఎక్కువుండిపోయింది. సరిచేయాలి," అంది కత్తెరమ్మ, మొట్టమొదటగా. ఆ మాట పూర్తికాకుండానే ఏడుపొచ్చింది. ఆ పౌడర్‌తోనే షాపుకి పేరొచ్చింది. కూతురి చదువు, ఇంటి మీద రెండో అంతస్తు దాని చలవే. మనిషి మోసం చేస్తే తిట్టి ఊరుకోవచ్చు. ఇన్నేళ్ళు చేతికి అంటుకుని తిరిగిన పౌడర్‌ని ఏమని తిట్టాలో ఆవిడకి తెలియలేదు.

"పనికి రాకుండా పోయానా అమ్మాయ్?"

"నీ ఊపిరితిత్తులు ఇంకా పాడైపోలేదు వదినా. తొందరగా పట్టుకున్నాం. ఆ పౌడర్ లేని గాలి ఇస్తే కోలుకుంటాయి."

పిల్లి పడుతుందో లేదో కూడా పరీక్షించారు. పిల్లి బొచ్చు నుంచి తీసిన మందు చుక్క కత్తెరమ్మ చేతి చర్మం మీద వేసి గుచ్చి చూస్తే దద్దురు లేవలేదు. మొగుడు తల వంచుకుని పిల్లిని తేవడానికి వెళితే, వాళ్ళమ్మగారు గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "నిందపడి ఇల్లొదిలి వచ్చిన పిల్ల. మళ్ళీ ఆ ఇంటికి పంపను," అంది. ఆయన ఖాళీ బుట్టతో తిరిగొచ్చాడు.

మాస్కు కట్టుకుని లాగించేయొచ్చా అని కత్తెరమ్మ అడిగితే, పెద్ద డాక్టరు కుదరదన్నాడు. ఆవిడకి ఆ పౌడర్ తిరిగే గదిలో ఉండటమే పనికిరాదు. మర్నాడు షాపుకి వెళ్ళి భాగస్వామిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. చిన్ననాటి స్నేహితురాలు. రెండేళ్ళుగా తెగ తుమ్ముతోందని కత్తెరమ్మే ఆవిడకి తుమ్ములమ్మ అని పేరు పెట్టింది. చాలామందికి ముందు ముక్కు మొరాయిస్తుందనీ, ఛాతీ వంతు తర్వాత వస్తుందనీ ఆడపడుచు చెప్పినప్పటి నుంచి ఆ పేరు పిలవబుద్ధి కావడం లేదు.

"ఇవాళ్టి నుంచి మన షాపులో నలుపు తీయడం లేదు."

తుమ్ములమ్మ నోరెళ్ళబెట్టింది. "సగం మంది వచ్చేదే దానికి! ఎదురు షాపుకి పోతారే!"

"పోనీ. రంగు ఎవరైనా తీస్తారు. నా కోత ఎవరు కోస్తారు?"

కొందరు పోయారు. చాలామంది ఉండిపోయారు. పోయినవాళ్ళలో కొందరు కత్తిరింపుకి మళ్ళీ వచ్చారు. వేసవి వచ్చేసరికి కత్తెరమ్మ మెట్లెక్కుతూ మాట్లాడగలుగుతోంది. తుమ్ములమ్మ రుమాలు మోయడం మానేసింది.

అప్పుడు ఆడపడుచు తన బాధ చెప్పుకుంది. ఊళ్ళో ఉన్న జుట్టు షాపులన్నిట్లో ఎంతమందికి ఇలా ఉందో చూడాలని పరిశోధన మొదలుపెడితే, ఒక్క షాపు వాళ్ళూ గుమ్మం దాటనివ్వడం లేదట.

"తెల్లకోటు వేసుకుని వెళితే ఎవరు రానిస్తారు? షాపు మూయించడానికి వచ్చావనుకుంటారు. కోటు విప్పి నాతో రా," అంది కత్తెరమ్మ.

సరాసరి ఎదురు షాపుకే తీసుకెళ్ళింది. దాని యజమానురాలికీ కత్తెరమ్మకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"నీ షాపులో మానేశావు, ఇప్పుడు నా షాపులోనూ మాన్పించడానికి వచ్చావా?" అంటూ ఆవిడ అంతెత్తున లేచింది.

"మానమనలేదు. ఊదమంటున్నా."

"నాకేం జబ్బు లేదు. నువ్వు... నువ్వు ముందు..."

"చూశావా, ఆగావు," అంది కత్తెరమ్మ నెమ్మదిగా. "ఇదివరకు మనం దెబ్బలాడుకుంటే వీధి చివరిదాకా నీ గొంతు వినపడేది. ఎక్కడా ఆగేదానివి కాదు. జబ్బు మొదలయ్యాక నేనూ ఇలాగే మాట మధ్యలో ఆగేదాన్ని."

ఎదురు షాపావిడ చేతిలో దువ్వెన అద్దం ముందు పెట్టింది. "కూతురికి కూడా చెప్పలేదు," అంది.

ఆడపడుచు ఆవిడ జాకెట్టు అంచుకి గాలి పీల్చే చిన్న యంత్రం తగిలించింది. పని చేసుకుంటూ ఉండండి, మీరు పీల్చే గాల్లో ఎంత పౌడర్ ఉందో ఇదే చెబుతుంది అంది. తర్వాత ఊదే గొట్టం అందించింది.

ఆ వీధితో మొదలై ఊరంతా కలిసొచ్చింది. పౌడర్‌ని డబ్బాలోంచి గిన్నెలోకి దులిపే ఆ కాసేపట్లోనే, అదీ కిటికీ లేని మూలలో, గాలి అన్నిటికన్నా ఎక్కువ చెడుతోందని తేలింది. చాలా షాపులు దుమ్ము లేవని ముద్ద రకానికి మారాయి, కలిపే చోట గాలి లాగే గొట్టాలు పెట్టించుకున్నాయి. ఎదురు షాపావిడకి జబ్బు ఇంకా ముదరలేదు కానీ, ఆవిడా పౌడర్ మానేయాల్సి వచ్చింది. మందు వాడుతోంది, తేరుకుంటోంది.

ఆసుపత్రిలో ఆ ఫలితాలు చదివిన రోజు కత్తెరమ్మని కూడా వేదిక మీదికి పిలిచారు. ఏం మాట్లాడాలో ఆడపడుచు ముందే నేర్పింది. మైకు చేతికి రాగానే ఆవిడ అదంతా పక్కన పెట్టింది.

"మీ షాపులో ఎవరైనా తుమ్మితే పేర్లు పెట్టకండి. షాపుకి సెలవైన రోజున తుమ్ములు తగ్గుతున్నాయేమో అడగండి," అంది.

ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. ఊపిరి నిండా తీసుకుని మొదలుపెట్టింది.