కంచె లోపలి వేరు

నేను ఒక గాజు పలకను. వేలెడంత పొడవు. నా ఒంటి మీద దారంలాంటి గడ్డివేరు ఒకటి అతికి ఉంది. నమ్మినవాణ్ణి నట్టేట ముంచడానికి నన్ను వాడుకున్నారు.

ఆ వేరు తవ్వి ఇచ్చింది గొర్రెలకాపరి ఓబులేసు. కర్నూలు పక్క ఒక బీడులో, ఏప్రిల్ ఎండలో, కంచె లోపలి గడ్డిదుబ్బు కింద నుంచి. గడ్డివేళ్ళలో కాపురముండే బూజు వల్లే గడ్డికి బలం. గొర్రెలు మేస్తే ఆ బూజు చస్తుందా అని, సగం బీడుకు గొర్రెలు రాకుండా కంచె కట్టి పరిశోధిస్తోంది యూనివర్సిటీ విద్యార్థిని హేమలత. చస్తుందని తేలితే బీడంతా మూసేస్తారు. ఓబులేసుకు నూట ఇరవై గొర్రెలు. మరో బీడు లేదు.

"మందనిడిసిపెట్టి తవ్వుతాండా పాపా. నిజం మాత్రం రాయి."

"నీ సంగటి తిని అబద్ధం రాస్తానా తాతా?" అని నవ్వింది హేమలత.

వేరును ఉడికించి, నీలిరంగు పట్టించి, నా మీద పరిచి చూసింది. దాదాపు ఖాళీ. బూజు అక్కడక్కడా చుక్కల్లా ముడుచుకుని ఉంది. కంచె బయటి వేరూ అంతే. వానలు పడ్డాక, ఆగస్టులో, రెండు చోట్లా వేళ్ళ నిండా బూజు నీలిపోగులై అల్లుకుంది. అది కాలం చేసే పని, గొర్రెలది కాదు.

ప్రొఫెసర్ చిదంబరం తల పట్టుకున్నాడు. "లోపలా బయటా ఒకటేనంటే, కంచె ఎందుకు కట్టించావని నన్నడుగుతారమ్మా. నీ డాక్టరేట్ పట్టా మీద సంతకం నాదేనని గుర్తుందా?"

మా అంచు మీద వివరాలు పెన్సిల్‌తో రాస్తారు, సిరా స్పిరిట్‌కి చెరిగిపోతుందని. రబ్బరు సంగతి ఎవరూ ఆలోచించలేదు. హేమలత రెండుసార్లు రుద్దింది. 'ఏప్రిల్, లోపల' అన్న నేను 'ఏప్రిల్, బయట' అయ్యాను. ఆగస్టు పలక ఒకటి నా పాత పేరు పెట్టుకుని పక్కన కూర్చుంది.

ఊరి బడిలో సభ. రెండు మైక్రోస్కోపులు. బీడును పాడుచేసింది గొర్రెలేనంటే కాపరులు కేకలేశారు.

"అరవొద్దండప్పా," అన్నాడు ఓబులేసు. "నేను తవ్విన ఏర్లే గదా. నేనే చూస్తా."

ముందు పక్క పలక చూశాడు. తర్వాత నా మీదికి వంగాడు. నేను లోపలి వేరునని అరవాలనిపించింది. గాజుకు నోరెక్కడిది? చాలాసేపు చూసి, తలెత్తాడు. హేమలత కాగితాలు సర్దుకుంటోంది.

"ఇంత పని చేసినాయా పాపా, మా గొర్రెలు? తెలీక మేపినాం," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఆమె సిరా దిండు ముందుకు జరిపింది. బీడు వదులుకునే కాగితం మీద తొలి వేలిముద్ర ఆయనదే. మిగతావాళ్ళు ఆయన వెనకే వేశారు.

ఇప్పుడు నేను ఒక ప్రదర్శనశాలలో, అద్దాల బీరువాలో ఉన్నాను. 'గొర్రెలు పాడుచేసిన వేరు' అని కింద చీటీ. వచ్చినవాళ్ళంతా అయ్యో అంటారు. నన్ను అనుమానించినవాడు ఇంతవరకు ఒక్కడూ రాలేదు.