లాగ్‌లో మొదటి లైను

కొత్త సర్క్యూట్ బోర్డు మూడు వారాలుగా నా ప్రాణం తోడేస్తోంది. ఆన్ చేసిన పావుగంటకో గంటకో దాన్ని నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, కుప్పకూలేది. పడ్డచోట మళ్లీ పడేది కాదు. నాకు ఒళ్లు మండి, బోర్డుకి డ్రైవర్ ప్రోగ్రాం రాసిన మా టీము అమ్మాయిని దులిపేసి, దాన్ని నాలుగుసార్లు తిరగరాయించాను.

క్రాష్ అయితే చాలు, బోర్డు వరసగా రాసుకునే లాగ్‌ను మేమంతా కింది నుంచే చదువుతాం, పడింది అక్కడే కాబట్టి. ఈ ఉదయం విసుగు పుట్టి పైనుంచి చదివాను. మొదటి లైనులోనే ఉంది, మెమరీ రెండు జీబీ అని. బోర్డు మీద ఉన్నది ఒక్క జీబీయే. ఆన్ చేయగానే కెర్నెల్‌ను నిద్రలేపే బూట్‌లోడర్ పాత బోర్డు లెక్కే ఇంకా అప్పజెప్తోంది. కళ్లు తెరవగానే విన్న మాట నమ్మి, పాపం కెర్నెల్ లేనిచోట రాస్తోంది. ఆ రాత వెళ్లి ఉన్నచోట ముందే రాసినదాని మీద పడుతోంది.

లెక్క సరిచేశాక సాయంత్రం దాకా కెర్నెల్ ఒక్కసారీ పడలేదు. ఆ అమ్మాయి సీటు దగ్గరికెళ్లి తల గోక్కుంటూ నిలబడ్డాను.

"తప్పు నీది కాదమ్మా. కెర్నెల్‌దీ కాదు. దానికి మొదట చెప్పినవాళ్లది."

ఆమె స్క్రీను మీంచి చూపు తిప్పలేదు.

"మరి నా పని అజాగ్రత్తని మీకు మొదట ఎవరు చెప్పారు సార్?"

నేను ఈ టీములో చేరిన రోజే పాత మేనేజరు చెప్పి వెళ్లాడు. నాలుగుసార్లు తిరగరాయించిన ఆ కోడ్‌ను నేను ఒక్కసారీ చదవలేదు.